పాలెగాడు వంక అవతల ఉండిపోయాడు

నిన్న సాయంత్రం పుంగనూరు బస్టాండులో నేను బస్సు దిగుతుంటే కండక్టరు చేయి అందించి, "నింపాదిగా దిగు పాలెగాడన్నా" అన్నాడు. అక్కడున్న మీరంతా విన్నారు. నేను విననట్టు నడిచి వచ్చేశాను. పొద్దున నా అంగడి తెరిచినప్పటినుంచి ఒకరి వెనక ఒకరు వచ్చి, బెల్లమనీ అగ్గిపెట్టె అనీ అడుగుతూ నా మీసం వైపే చూస్తున్నారు. సగం మీసం ఏమైందని ఒక్కరూ అడగరు. ఇంక దాచి లాభం లేదు. కూర్చోండి. మీరు టీ తెప్పించుకోండి, నాకు మజ్జిగ చాలు. అయితే మధ్యలో ఎవరూ అడ్డం రావద్దు. జరిగినదాంట్లో సగం నాకే ఇంకా అర్థం కాలేదు.

మా ఊరు గుండ్లమిట్ట మీకు తెలుసు. చౌడేపల్లె దాటినాక కొండ వారన ఉంటుంది. నాలుగు వీధులు కూడా లేని ఊరు. ఒక పక్క కొండ, ఇంకో పక్క వంక, అదే, వాగు. ఆ వంకే మాకు పొలిమేర. వానలు లేక ఎన్నో ఏళ్ళు ఆపేసిన గంగమ్మ జాతర ఈసారి వానలు పడ్డాయని మళ్ళీ చేద్దామనుకున్నారు. పెద్దరికం నాకిచ్చారు. నేను చదివింది ఏడో తరగతే. అయినా కోడి కూయకముందే లేస్తాను, చన్నీళ్ళ స్నానం చేస్తాను, బీడీ, కాఫీ, సారా ముట్టను, చెప్పిన వేళకు చెప్పిన చోట ఉంటాను. ఊళ్ళో అలాంటివాడు ఇంకొకడు లేడని అందరూ అన్నారు. ఆ మాట నాకు బాగానే ఉండింది. తర్వాత నా కొంప ముంచింది కూడా ఆ మాటే.

ఈ పుంగనూరులోనే కరపత్రాలు అచ్చు వేయించాను. మీకూ తలా ఒకటి ఇచ్చాను కదా. మొదటి రోజు చాటింపు, దీపాలు పెట్టినాక నాటకం. తర్వాత చెక్కభజన, కోలాటం, హరికథ, ఆఖరున అమ్మవారి ఊరేగింపు. ఈ కార్యక్రమాలు పైన నాలుగు వరుసల్లో అయిపోయాయి. కింద మిగిలిన కాగితమంతా నియమాలే. ప్రెస్సాయన, "అప్పా, అక్షరాలు చిన్నవి చేసినా పట్టడం లేదు, రెండు తీసేద్దామా?" అన్నాడు. కార్యక్రమం తీసేయమన్నాను, నియమం తీయొద్దన్నాను. ఆయన రెండో పక్క కూడా అచ్చు వేశాడు.

చాటింపు సంగతి బయటి ఊళ్ళవాళ్ళకు తెలియకపోవచ్చు. జాతర మొదలవుతోందని పలక డప్పు కొట్టి చాటుతారు. ఆ చాటింపు పడేటప్పటికి ఊళ్ళో ఎవరుంటే వాళ్ళు జాతర ముగిసేదాకా వంక దాటకూడదు. చుట్టమైనా సరే, చీరలమ్ముకోనొచ్చినవాడైనా సరే. చాటింపు తర్వాత వచ్చినవాళ్ళు పగలు ఉండొచ్చు, దీపాలు పెట్టేలోగా వంక దాటి వెళ్ళిపోవాలి. ఇది మా తాతల నాటినుంచి ఉన్న కట్టుబాటు. పోయిన జాతరలో మా చెంగమ్మక్క కొడుకు బస్సు తప్పి పొద్దుగూకినాక వచ్చాడు. నా సొంత మేనల్లుడు. వాణ్ణి నేను వంక అవతలే నిలబెట్టేశాను. అక్క ఇవతలినుంచి సంగటి మూట కట్టి విసిరితే, వాడు అవతల పట్టుకుని తిన్నాడు. ఊరంతా నన్ను మెచ్చుకుంది. అక్క మెచ్చుకోలేదు.

ఈసారి జాతరలో నాటకం అక్క మొక్కు. రెండు కళ్ళలో పొరలు కమ్మి చాలాకాలం మనుషులను గొంతును బట్టే గుర్తుపట్టేది. మదనపల్లెలో ఆపరేషన్ చేయించాము. చూపు వస్తే అమ్మవారి నాటకం ఆడిస్తానని మొక్కుకుంది. చూపొచ్చింది. నల్ల అద్దాలు పెట్టుకుని, "నేను కండ్లారా సూసే మొదటి నాటకమిది. బాగా జరగాల గోవిందూ" అని దినమూ చెప్పేది. ఆ నాటకం మాకు ఆటే కాదు. ఆడపిల్లలను బతకనివ్వని పాలెగాణ్ణి అమ్మవారు కొడవలితో నరికిన కథ అది. చాటింపు పడిన రోజే, దీపాలు పెట్టినాక, పాలెగాడు చావాలి. వాడు చస్తేనే పూజారి అమ్మవారి దీపం వెలిగిస్తాడు, మర్నాడు అమ్మవారికి కుంభం, అంటే అన్నం రాశి, పోస్తారు. వాడు చావకపోతే భజన లేదు, కోలాటం లేదు, ఏమీ లేదు.

నాటకానికి గుడుపల్లె జట్టును మాట్లాడాను. జట్టు పెద్ద వెంకటప్ప. పాలెగాడి వేషం ఆయనదే. నవ్వితే పక్క ఊరికి వినపడుతుంది. అమ్మవారి వేషం మునిస్వామి అనే సన్నపాటి మనిషిది. నేను ఎస్టీడీ బూతునుంచి ఫోన్ చేసి వెంకటప్పకు గట్టిగా చెప్పాను. చాటింపులోగా రావాలి. వంకలో తలస్నానం చేసి, తడిబట్టలతోనే ఊళ్ళోకి అడుగు పెట్టాలి. బీడీ వాసన ఉండకూడదు, ఒక్కొక్కరి నోరు వాసన చూసి లోపలికి పంపిస్తాను. వెంకటప్ప అన్నిటికీ "అట్లే అప్పా" అన్నాడు. ఇంత వినయం గల కళాకారుడు ఉంటాడా అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే పాల వ్యానులో మునిస్వామి ఒక్కడు వచ్చాడు. అమ్మవారి వేషం కట్టేవాడికి చాటింపు ముందరే కంకణం కట్టాలి కాబట్టి ముందు వచ్చాడు. వేషాల పెట్టె, హార్మోనియం కూడా తెచ్చాడు. మిగతావాళ్ళు మధ్యాహ్నం బస్సుకు వస్తారన్నాడు.

మధ్యాహ్నం బస్సు వచ్చి వెళ్ళిన హారన్ వినపడింది. ఎవరూ రాలేదు. నేను గుడి ముందర నిలబడి గడియారం చూసుకుంటున్నాను. పలక కొట్టే నారాయణప్ప పలకను మంట మీద కాచి పెట్టుకుని ఉన్నాడు. చాటింపుకు అనుకున్న వేళ అయింది. రాలేదు. దాటింది. రాలేదు. నాకు ఒళ్ళు మండింది. మాట మీద నిలబడనివాళ్ళ కోసం అమ్మవారు కాచుకోవాలా?

"కొట్టేదా అప్పా?" అన్నాడు నారాయణప్ప.

"కొట్టు."

"నాటకమోళ్ళు రాలేదే?"

"కొట్టమంటాండానా లేదా?"

కొట్టాడు. ఊరు చుట్టూ తిరిగి చాటాడు. ఆ చప్పుడుకు మొదట పరిగెత్తుకుంటూ వచ్చింది మదనపల్లెనుంచి మోపెడ్ మీద ప్లాస్టిక్ బిందెలు తెచ్చి అమ్ముకునే రమణ. ఇంకో నాలుగు బిందెలు అమ్మి పోదామని ఆగాడట. "నేను బిందెలమ్ముకోనొచ్చినా సామీ, జాతరకు రాలా. ఇంట్లో చెప్పకుండా వచ్చినా" అని మొత్తుకున్నాడు. నేను వాడికి కట్టుబాటు గొప్పతనం చెప్పబోతుంటే, రెండోసారి పరిగెత్తుకుంటూ వచ్చింది వెంకటప్ప జట్టు.

అందరూ తడిబట్టలతో, తలల్నుంచి నీళ్ళు కారుతూ, నోళ్ళలో వేపపుల్లలతో ఉన్నారు.

మధ్యాహ్నం బస్సుకే దిగారట. నేను చెప్పానని వంకలో తలస్నానాలు చేశారు. నేను నోరు వాసన చూస్తానన్నానని, బీడీ వాసన పోయేదాకా వేపపుల్లతో తోముతూ కూర్చున్నారట. ఒకడిది ఎంతకీ పోలేదట. వాడి కోసం అందరూ ఆగారు. పలక చప్పుడు విని, అది తమకు స్వాగతమనుకుని సంతోషంగా వచ్చారు.

"నువ్వు చెప్పినట్టే చేసినాము అప్పా" అని వెంకటప్ప నోరు తెరిచి చూపించాడు. "సూసుకో."

పాలెగాడు బయటివాడైపోయాడు. అమ్మవారు లోపల ఉండాది. బిందెలవాడు లోపల ఉండాడు. ఉండాల్సినవాళ్ళు పోవాలి, పోవాల్సినవాడు ఉండాలి. ఎవరు లోపల, ఎవరు బయట అని వేళ్ళ మీద ఎంచుకుంటూ గుడి అరుగు మీద కూర్చున్నాను. ఎవరో హార్మోనియం కూడా చాటింపు విన్నట్టే కదా, దాన్ని వంక దాటించవచ్చా అని అడిగారు. చెవులున్నవాళ్ళకే కట్టుబాటని అక్క తేల్చింది.

నేను మెల్లగా, ఈళ్ళు పాపం మన మాట విని స్నానాలు చేసినవాళ్ళు, వంక అంటే పొలిమేరే కాబట్టి వంకలో ఉన్నవాళ్ళు సగం ఊళ్ళో ఉన్నట్టే కదా, అని మొదలుపెట్టాను. అక్క నల్ల అద్దాలు సరిచేసుకుంది.

"నా కొడుక్కు సంగటి ఇసిరినానే, ఆ పొద్దు నువ్వేమంటివి? నీతి అనేది మనోళ్ళకు ఒకటి, పరాయోళ్ళకు ఒకటి ఉండదంటివి. ఇప్పుడు ఈళ్ళను రాత్రికి ఈడ ఉండనిస్తే, నేను అమ్మోరి ముందర కూర్చుంటా. లేసేది లేదు."

"మరి నీ మొక్కు, నాటకం?"

"అదీ జరగాల. యాల జరగదు? నువ్వు పెద్దమనిషివి కదా, సూడు."

వెంకటప్పే దారి చెప్పాడు. మిగతా వేషాలు లేకపోయినా పర్లేదు, అమ్మవారూ పాలెగాడూ ఉంటే కథ నడుస్తుంది. అమ్మవారి వేషగాడు లోపలే ఉండాడు. పాలెగాడి వేషం ఊళ్ళోవాళ్ళు ఎవరైనా కట్టుకుంటే, తాను వంక అవతల ఒడ్డున నిలబడి మాటలు చెప్తాడు. మనిషి ఇవతల, గొంతు అవతల. హార్మోనియం, మద్దెల కూడా అవతలే వాయిస్తారు. ఇవతలివాడు నోరు కదిపితే చాలు.

బాగుందన్నారు అందరూ. ఎవరు కడతారని అడిగాను. అప్పుడు ఎవడో కరపత్రం తీశాడు. నియమాల్లో నేనే వేయించాను కదా, వేషం కట్టేవాడు బీడీ, సారా, మాంసం ముట్టనివాడై, సూర్యోదయానికి ముందే తలస్నానం చేసినవాడై ఉండాలని.

ఇంక చూడండి. ఇన్నేళ్ళూ నా ఎదురుగా బీడీ అంటే ఏమిటో తెలియదన్నవాళ్ళు ముందుకొచ్చి, పొద్దున్నే రెండు తాగినామని చెప్పారు. ఒకాయన నిన్న కోడిని కోసినానన్నాడు. ఒకాయన స్నానం చేసి చాలా దినాలైందని, పెళ్ళాన్ని పిలిచి సాక్ష్యం చెప్పించాడు. పూజారి తమ్ముడు కూడా సారా మాట ఒప్పేసుకున్నాడు. వాళ్ళ ముఖాల్లో సిగ్గు లేదు, గర్వముంది. ఆఖరుకు ఊళ్ళో నియమాలన్నీ సరిపోయినవాడు ఒక్కడే మిగిలాడు.

నేను రమణ వైపు చూశాను. వాడు జేబులోనుంచి బీడీకట్ట తీసి చూపించాడు.

మునిస్వామి నాకు వేషం వేశాడు. ఆముదంలో మసి కలిపి కనుబొమలు దిద్దాడు. నా మీసం మీద ఇంకో పెద్ద మీసం బంకతో అతికించాడు. పాలెగాడు చుట్ట తాగాలి, సీసా ఎత్తి సారా తాగాలి. చుట్ట ముట్టనన్నాను. అగరుబత్తి పట్టుకున్నాను. సీసాలో మజ్జిగ పోయించుకున్నాను. వెంకటప్ప నాకు పాలెగాడి నవ్వు నేర్పబోయాడు. నేను నవ్వి చూపించాను. "అది దగ్గు అప్పా" అన్నాడు. నువ్వు నోరు తెరిచి మూయి, నవ్వు నేను సూసుకుంటానని ధైర్యం చెప్పి, దీపాలు పెట్టేలోగా హార్మోనియం తీసుకుని జట్టుతో వంక దాటేశాడు.

వంక ఒడ్డునే తెరలు కట్టారు. ఊరంతా వచ్చి కూర్చుంది. మొదటి వరసలో అక్క. నల్ల అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నేను తెర వెనక అగరుబత్తి వెలిగించుకుంటుండగానే అవతలినుంచి పాలెగాడి నవ్వు మొదలైంది. ఆ నవ్వు సగమయ్యాక నేను తెర ముందుకు పరిగెత్తి నోరు తెరిచాను. నవ్వు ఆగిపోయింది. నోరు మాత్రం తెరుచుకునే ఉంది. వెనక వరసలవాళ్ళు మాటలు వినపడడం లేదని కేకలు పెట్టారు. మొన్నటి వానకు వంక కాస్త హోరుమంటోంది. అప్పుడు రమణ లేచాడు. బిందెలమ్మే గొంతు కదా, అవతలి మాట విని వెనకవాళ్ళకు చెప్తానన్నాడు. ఊరు సరేనంది. నన్ను ఎవరూ అడగలేదు.

"ఓ మేకల పిల్లా, నా కోటకు రా" అని, కథలో మేకలు కాసే పిల్లగా వచ్చే అమ్మవారితో, అవతలినుంచి వెంకటప్ప ఉరిమినట్టు అన్నాడు. నేను నోరు కదిపాను. ఆ వెనకే రమణ, వీధుల్లో బిందెలు కేకేసే రాగంలో, "మేకల పిల్లోయ్... కోటకు రావాలోయ్... రావాలోయ్..." అని సాగదీశాడు. ఒక్క మాట మూడుసార్లయ్యేది. ఏ మాటకు నోరు కదపాలో, ఏ మాటకు మూయాలో నాకు తెలియక, అన్నిటికీ కదిపాను.

మునిస్వామి దగ్గరికొచ్చి మెల్లగా, "నువ్వు నాకు దండం పెడతాండావు అప్పా" అన్నాడు. చూసుకుంటే నిజమే. ఎదురుగా పసుపు, కుంకుమ, చేతికి కంకణం. అమ్మవారిని చూసి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. చేతులు దించి చెడ్డ చూపు చూడమన్నాడు. చూశాను. నాకు తెలిసినంతలో, సరుకు తూకంలో మోసం చేసేవాణ్ణి ఎలా చూస్తానో అలా చూశాను. సీసా ఎత్తి తాగితే మజ్జిగ మీసమంతా అంటుకుని పాలెగాడు ముసలివాడైపోయాడు.

సరే, చావు దగ్గరకొచ్చింది. మునిస్వామి కొడవలి ఎత్తి నా మెడ మీద ఆనించాడు. నేను నాలుక బయటపెట్టి పడిపోయాను. బాగా పడ్డాను కూడా. ఇంక పాలెగాడు చచ్చాడు, దీపం వెలిగించొచ్చు, అక్క మొక్కు తీరింది అనుకున్నాను.

వెంకటప్ప అవతలినుంచి మాట్లాడుతూనే ఉన్నాడు.

పాలెగాడికి చచ్చే ముందర పెద్ద ఉపన్యాసముందట. చేసిన పాపాలన్నీ ఒప్పుకుని, ఆడపిల్లల జోలికి పోవద్దని లోకానికి చెప్పి చావాలట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. చచ్చినవాడు మాట్లాడకూడదు కాబట్టి నేను నోరు కదపకుండా పడుకున్నాను. జనం ఊరుకోలేదు. "గోవిందప్పా, నువ్వింకా సావలేదు, లెయ్" అన్నారు. లేచాను. నోరు కదిపాను. ఆ ఉపన్యాసంలోనివన్నీ నేను దినమూ అంగట్లో మీకు చెప్పే నీతులే. పాలెగాడి నోటితో వింటే నాకే ఎలాగో అనిపించింది. అయిపోయింది. మునిస్వామి మళ్ళీ నరికాడు. మళ్ళీ పడ్డాను.

జనం ఈలలు వేశారు. ఈల వినపడితే ఏ కళాకారుడు ఆగుతాడు? వెంకటప్ప ఉపన్యాసం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. రమణ కూడా రాగమందుకున్నాడు. జనం నన్ను మళ్ళీ లెమ్మన్నారు. మోకాళ్ళు కొట్టుకుపోయాయి, మసి కళ్ళలోకి కారుతోంది, అగరుబత్తి పంచెకు చిల్లు పెట్టింది. నేను లేచి, వంక వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచాను.

"వెంకటప్పా, నన్ను సావనీయప్పా!"

మద్దెల ఆగిపోయింది. రమణకు ఏమనాలో తెలియలేదు. మునిస్వామి ఆ సందులో కొడవలి వేశాడు, నేను పడ్డాను, పూజారి దీపం వెలిగించాడు. నాటకమంతటిలో నా సొంత గొంతుతో అన్న మాట అదొక్కటే. చప్పట్లన్నీ దానికే పడ్డాయి.

మీసం పీకేటప్పుడు బంకతో పాటు నాదీ సగం వచ్చేసింది. మీరు చూస్తున్నది అదే. మర్నాడు కుంభం పోశారు, భజన జరిగింది, కోలాటం జరిగింది. అన్నీ కరపత్రంలో వేసినట్టే జరిగాయి. నేను మాత్రం ఆ ముఖంతో ఎటూ పోలేకపోయాను. చాటింపు నేనూ విన్నాను కదా, వంక దాటకూడదు. పగలు జాతరకొచ్చిన పెదపంజాణివాళ్ళు, చౌడేపల్లెవాళ్ళు, ఈ కండక్టరు కూడా, "పాలెగాడు యాడుండాడు?" అని అడిగి మరీ మా ఇంటికొచ్చి చూసి పోయారు. రమణ బిందెలన్నీ అమ్ముడుపోయాయి. ఇంట్లో ఏం చెప్పుకున్నాడో తెలియదు.

నాటకమైన రాత్రి ముఖం కడుక్కుని అక్క దగ్గరికెళ్ళాను. బాగా కనపడిందా, మొక్కు తీరినట్టేనా అని అడిగాను.

"తీరినాది నాయనా. ఇంతగా ఎన్నడూ నవ్వలేదు. అయితే ఒకటే కష్టం" అంది. "ఇంక నిన్ను ఎప్పుడు సూసినా నాకు పాలెగాడే కనపడతాండాడు. ఆ డాక్టరును అడిగి ఒక కంటికి మళ్ళీ పొర ఏపిచ్చుకుంటా. నిన్ను ఆ కంటితో సూస్తా."

ఆ మాట మర్నాటికే ఊరంతా పాకింది. నిన్న బస్సెక్కే ముందర ఊళ్ళోవాళ్ళు వంక దాకా సాగనంపడానికి వచ్చారు. వచ్చే జాతరకు ఏ నియమాలు ఇంకా గట్టి చేయాలో, వేళ తప్పడం ఎంత తప్పో నాలుగు మాటలు చెప్దామని మొదలుపెట్టాను. అక్క నల్ల అద్దాలు తీసి, నా వైపు తిరిగి, ఒక కన్ను మూసుకుంది. ఆమె పక్కనున్న నారాయణప్ప మూసుకున్నాడు. ఆ వెనక పూజారి. తర్వాత ఊరంతా. నేను మాట మధ్యలోనే ఆపి బస్సెక్కేశాను.

అదీ సంగతి. టీ చల్లారిపోతోంది, తాగండి. కానీ ముందే చెప్తున్నాను, ఈ అంగట్లో కూర్చున్నంతసేపు అందరూ రెండు కళ్ళూ తెరిచే ఉంచాలి. ఇది నియమం.